సహనమా, లొంగుబాటా?

ఉద్యోగం చేసే చోట పై అధికారి ప్రతిరోజూ నోరు పారేసుకుంటూ ఉంటే, ఆ మాటలను భరించడం ధర్మమా, కాదా? నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఒకనాడు నా దగ్గర చదువుకొని, నేడు తామే తల్లిదండ్రులైనవారు ఈ ప్రశ్నను నన్ను తరచుగా అడుగుతుంటారు. ఆ అధికారి చేయి చేసుకోడు, జీతం ఆపడు. కాని నలుగురి ముందు "నీకు బుద్ధి లేదు" అంటాడు. ఇంటికి చేరిన తరువాత కూడా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంటుంది. ఇంట్లో పెద్దలు మాత్రం "ఓర్చుకో నాయనా, ఉద్యోగం పోతే ఎలా?" అంటారు.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో మనం తెలుసుకోవాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బను రేవుకు చేరింది. ఆనాటి నుంచి 1911 వరకు మన పూర్వులు ఒప్పంద కూలీలుగా నటాలు చెరకు తోటలకు వచ్చారు. ఒప్పందం అయిదేళ్లు. ఆ గడువులో యజమానిని విడిచి వెళ్లడం నేరం. అనుమతి చీటీ లేకుండా తోట దాటినవారిని పట్టుకొని జైలులో పెట్టేవారు. సర్దారు తిట్టినా, దొర తిట్టినా తల వంచుకొని నిలబడటమే చాలామందికి మిగిలిన దారి. కాబట్టి వారి మౌనాన్ని పిరికితనమని ఎవరూ అనరాదు. అది ప్రాణం నిలుపుకొనే ఉపాయం. అయితే ఉపాయం వేరు, ధర్మం వేరు. ముత్తాతల నాటి ఉపాయాన్నే ధర్మమని మన పిల్లలకు నేర్పుతున్నామేమో ఆలోచించాలి.

వారందరూ మౌనంగానే ఉన్నారనడం కూడా సత్యం కాదు. 1871లో మద్రాసుకు తిరిగి వెళ్లినవారు తాము పడిన కష్టాలను అక్కడి అధికారులకు విన్నవించుకొన్నారు. దాని ఫలితంగా 1872లో నటాలులో విచారణ సంఘం ఏర్పడింది. 1894లో బాలసుందరం అనే తమిళ కూలీని యజమాని కొట్టగా, అతడు ముందు పళ్లు విరిగి, నోట రక్తంతో గాంధీగారి కార్యాలయానికి వచ్చాడు. గాంధీగారు మొదట వైద్యుని ధ్రువపత్రం తీసుకొని, తరువాత న్యాయాధికారిని ఆశ్రయించారు. యజమానికి శిక్ష పడాలని ఆయన కోరలేదు. కూలీకి ఆ యజమాని నుంచి విముక్తి కావాలని మాత్రమే కోరారు. బాలసుందరం వేరొక యజమాని దగ్గరకు మారాడు. పగ లేకుండా ఎదిరించడం ఎలాగో ఈ సంఘటన చూపుతుంది.

మన భారతం కూడా ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. అరణ్యపర్వంలో ద్రౌపది, ప్రహ్లాదుడు తన మనుమడైన బలికి చేసిన బోధను ధర్మరాజుకు గుర్తుచేస్తుంది. ఎల్లప్పుడూ కోపం మంచిది కాదు, ఎల్లప్పుడూ క్షమ కూడా మంచిది కాదు అన్నదే ఆ బోధ. పూర్వం మేలు చేసినవానిని, తెలియక తప్పు చేసినవానిని క్షమించవచ్చు. ఎవరిదైనా మొదటి తప్పును క్షమించవచ్చు. తెలిసి మళ్లీ మళ్లీ చేసేవానిని ఉపేక్షించరాదు.

తిక్కన సోమయాజి తెలిగించిన విరాటపర్వంలో ఈ కొలతకు రెండు ఉదాహరణలు కనిపిస్తాయి. ఆ పర్వంలో పాండవులు ఉద్యోగులే, విరాటుడు వారి యజమాని. ఒకనాడు కోపం పట్టలేక అతడు పాచికతో కంకుని ముఖం మీద కొట్టాడు. ఆశ్రయమిచ్చినవాడు, తన ముందున్నది ధర్మరాజని ఎరుగనివాడు, కొడుకు చెప్పగానే క్షమాపణ కోరినవాడు. కంకుడు క్షమించాడు. అదే సభలో కీచకుడు సైరంధ్రిని తన్నినప్పుడు ఆమె మౌనంగా ఉండలేదు. నిండు సభలో రాజును నిలదీసింది. రాజు న్యాయం చేయలేకపోయాడు కనుకనే కథ భీముని దాకా వెళ్లింది.

మనకు భీముని దారి అక్కరలేదు, న్యాయం అడిగే సభలు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 2022 మార్చిలో వెలువడిన ఉద్యోగస్థల వేధింపుల నివారణ నియమావళి మాటలతో చేసే హింసను కూడా వేధింపుగానే పరిగణిస్తుంది. సీసీఎంఏ అనే రాజీ, మధ్యవర్తిత్వ సంస్థ రుసుము లేకుండా ఫిర్యాదు స్వీకరిస్తుంది. జాతి, లింగం, మతం వంటి కారణాలతో జరిగిన వేధింపుపై 6 నెలలలోగా, అన్యాయంగా తొలగిస్తే 30 రోజులలోగా ఆశ్రయించాలి. కనుక తిట్టుకు తిట్టు బదులివ్వకండి. "నా పనిలో లోపముంటే చెప్పండి, దిద్దుకొంటాను. ఈ విధంగా మాట్లాడవద్దు" అని నెమ్మదిగా చెప్పండి. తేదీ, అన్న మాట, విన్నవారి పేర్లు ఆనాడే వ్రాసి పెట్టుకోండి. ఆవేశంలో రాజీనామా చేయకండి.

ఇల్లు గడవడం కోసం కొంతకాలం ఓర్చుకోక తప్పనివారు ఉంటారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. బయట మౌనంగా ఉన్నా, ఆ తిట్టు నిజమని లోపల ఒప్పుకోనంతవరకు అది సహనమే. ఒప్పుకొన్న రోజున లొంగుబాటు అవుతుంది.

ఇక చివరి మాట మనలో యజమానులైనవారికి. ఒకప్పుడు ఈ దేశంలో తెల్లవారు మన పురుషులెవరినైనా "సామీ" అని, స్త్రీలెవరినైనా "మేరీ" అని పిలిచేవారు. మనిషి పేరు తీసివేయడం కూడా తిట్టే. ఆ తిట్టు తిన్నవారి సంతతి నేడు దుకాణాలకు, కార్యాలయాలకు, ఇళ్లకు యజమానులు. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్న సామెత మనకూ వర్తిస్తుంది. మన ఇంట్లో పనిచేసే జూలూ మహిళకు ఆమె తల్లి పెట్టిన పేరు ఏమిటి? ఆ పేరును సరిగా పలకడం మన పిల్లలకు వచ్చునా? ఈ వారం ప్రతి కుటుంబమూ ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకాలని నా మనవి.