మడత చాకు కొనొచ్చా?

అల్లూరులో రొయ్యల చెరువు పనికి పోయే మా తమ్ముడి కొడుకు మొన్న అడిగాడు. "పెదనాయనా, కమ్మరాయన చేత మడత చాకు చేయించుకోవాలనుకుంటుండా. రెండు వేలంట. పంచశీలకి తప్పు కాదు గదా?"

చాకు తప్పు కాదు. భిక్షువు దగ్గరుండే ఎనిమిది వస్తువుల్లో మంగలి కత్తి ఒకటి. ఉపాసకులు చేయరాదని భగవానుడు చెప్పిన ఐదు వ్యాపారాల్లో ఆయుధాల అమ్మకం ఉంది నిజమే. మేత సంచి కోసే చాకు ఆయుధం కాదు. తిరునాళ్ళలో నలుగురికీ కనబడేట్టు నడుముకి దోపుకుంటే మాత్రం అవుతుంది.

ఇక డబ్బు. సిగాలోవాద సుత్తంలో గృహస్థుడి సంపాదన నాలుగు భాగాలు: ఒకటి అనుభవానికి, రెండు పనికి, నాలుగోది ఆపదకి. బజారులో వంద రూపాయల చాకు కూడా సంచి కోస్తుంది. కాబట్టి ఇది పనికోసం అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఇది ముచ్చట. ముచ్చటకీ ఒక భాగం ఉంది, తప్పులేదు. వాడు తీయబోయింది చీటీ డబ్బు. అది ఆపద భాగం. వద్దన్నాను.

"అయితే పన్నెండొందలకి బేరమాడతా" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది నాకు. లారీ పట్టీ ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అరగదీసి, మడత దగ్గర ఊగకుండా బిగించాలి. రోజుల పని. కూలి కోస్తే ఎట్లుంటుందో మనకి తెలియదా? భగవానుడికి చివరి భోజనం పెట్టిన చుందుడు కమ్మరే. ఆ తర్వాత జబ్బు ముదిరినా, చుందుణ్ణి ఎవరూ నొప్పించకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు ఆయన.

ఇప్పుడు వాడు నెలకి నాలుగొందలు పక్కన పెడుతున్నాడు. కమ్మరాయన ఆగుతానన్నాడంట.