బోయజు చేలోని మేస్త్రి
వాక్యభాగము: రూతు 2:1–19



రూతు గ్రంథమును మనము చదువునప్పుడు రూతును గూర్చియు నయోమిని గూర్చియు ధ్యానింతుము. పెండ్లి ఆరాధనలలోనైతే బోయజును పెండ్లికుమారునిగా చూపింతుము. ఈ మాసము ఆ గ్రంథములో పేరైనను వ్రాయబడని ఒక మనుష్యునియొద్ద కొంతసేపు నిలిచి చూడవలెనని నా కోరిక. అతడు కోత కోయువారిమీద ఉంచబడిన పనివాడు (2:5). మన ఊరి మాటలో చెప్పవలెనంటే, ముఠా మేస్త్రి.

మన సంఘములలో నాట్లు వేయు తల్లులు, మిరపకాయలు కోయువారు, ఇటుక బట్టీలలోను ఇండ్ల కట్టుబడిలోను పనిచేయు యౌవనస్థులు అనేకులున్నారు. వారిని పనికి తీసికొనిపోవు మేస్త్రీలును మనవారే. కూలివాని కన్నీటికి ఎక్కడనో ఉన్న పెద్ద ఆసామియే కారణమని చెప్పుకొనుట మనకు సులభము. కాని తరచుగా ఆ కన్నీరు తెప్పించినవాడు ఆదివారమున అతని ప్రక్కనే చాపమీద కూర్చుండి కీర్తన పాడువాడే. కాబట్టి పదిమందిని నడిపించు ఎవరైనను, మేస్త్రియైనను, పొదుపు సంఘపు లీడరైనను, బడి పంతులైనను, సంఘపెద్దయైనను, పాస్టరైనను, ఈ అధ్యాయము తనకు కాదని అనుకొనరాదు.

అది యవల కోతకాలము. బోయజు బేత్లెహేమునుండి చేనికి వచ్చెను. రాగానే అతడు పని లెక్క అడుగలేదు. మొదట కోయువారికి దేవుని తోడు కోరి దీవించెను. వారును అతనిని దీవించిరి (2:4). మన చేలగట్టు మీద మొదటి మాట ఏమైయుండును? “ఇంకను ఇంతేనా అయినది?” అనునదే గదా! ఆ ఒక్క మాటతో ప్రొద్దుటినుండి వంగిన నడుములు వంగినట్లే యుండి, మనస్సులు మాత్రము లేచి వెళ్లిపోవును.

పిమ్మట బోయజు క్రొత్తగా కనబడిన స్త్రీని గూర్చి విచారించెను. ఇక్కడ మేస్త్రి జవాబును మెల్లగా చదువుడి (2:6-7). ఆమె పరదేశురాలు, విధవరాలు, బీదరాలు. ఆమె పక్షమున మాటలాడువారు ఆ చేలో ఎవరును లేరు. “ఎవరో మోయాబుది, పరిగె ఏరుకొనుటకు వచ్చి పడినది” అని అతడు అనియుండినయెడల ఎవరు అడుగుదురు? అతడట్లు అనలేదు. ఆమె నయోమితో కూడ వచ్చినదని చెప్పెను. అనుమతి అడిగిన తరువాతనే చేలో దిగినదని చెప్పెను. ఉదయమునుండి పనిలోనే యున్నదనియు, ఇంటిలో కొంచెముసేపు మాత్రమే విశ్రమించినదనియు చెప్పెను. ఆ విశ్రాంతిని అతడు దాచలేదు. అయితే దానిని తప్పుగా పెంచనులేదు. ఈ మాటలు చెప్పినందున అతనికి ఒక్క గింజయు లాభము లేదు. అయినను రూతు జీవితము మారుటకు అవి మొదటి మెట్టాయెను.

మధ్యనుండువాని నాలుకకు ఎంత బలమున్నదో చూచితిరా? పైవానికి క్రిందివానిని గూర్చి తెలియునది ఆ నాలుక ద్వారానే. కొందరు మేస్త్రీలు పని బాగుగా జరిగితే అది తమ మేలనియు, చెడిపోతే కూలివాని తప్పనియు చెప్పుదురు. జ్వరముతో వచ్చి పూటంతయు పనిచేసిన స్త్రీని గూర్చి “ఈరోజు సగమే చేసినది” అని ఒక్క ముక్కతో తేల్చివేయుదురు. ఆ ముక్కలో అబద్ధము లేదు. కాని నిజమును లేదు.

అయితే మేస్త్రి కష్టమును మనము మరువరాదు. అతని మీదను ఒత్తిడి యుండును. నిర్గమకాండము 5వ అధ్యాయములో ఫరో గడ్డి ఇచ్చుట మానివేసి, ఇటుకల లెక్క మాత్రము తగ్గించకూడదనెను. లెక్క తగ్గినందుకు ముందు దెబ్బలు తిన్నవారు ఎవరు? ఇశ్రాయేలీయులలోనుండి వారిమీద నియమింపబడిన నాయకులే. వారు తమ వీపుమీది దెబ్బలను తమ జనులమీదికి దింపినట్లు ఆ అధ్యాయములో ఎక్కడను వ్రాయబడలేదు. వారు ఫరో యొద్దకు పోయి మొరపెట్టిరి. సోమరులనిపించుకొని తిరిగి వచ్చిరి. తరువాత మోషేమీద కోపపడి మాటలాడిన మాటయు నిజమే. వారు పరిశుద్ధ పురుషులని నేను చెప్పను. అయినను పైనుండి బరువు పడినప్పుడు వారి నోరు పైకే తెరువబడెను. ఆసామికి “ఈ ఎండలో ఇంతకంటె సాగదు అయ్యా” అని చెప్పగల మేస్త్రి ముఠాకు గొడుగువంటివాడు.

మరల బోయజు చేనికి పోవుదము. అతడు ఆ దినమున చేసిన ఏర్పాట్లు ఎంత సామాన్యమైనవో చూడుడి. దాహమైతే పనివారు తోడిన నీళ్లు త్రాగుమని రూతుతో చెప్పెను. ఆమె జోలికి పోవద్దని తన యౌవనస్థులకు గట్టిగా ఆజ్ఞాపించెను (2:9). ఫిర్యాదు వచ్చిన తరువాత కాదు, ముందే ఆజ్ఞాపించెను. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిషేధించు చట్టము మన దేశములో 2013లో వచ్చెను. అది ఆఫీసులకే గాక కూలిపనికిని ఇంటిపనికిని వర్తించును. ఫిర్యాదు పుచ్చుకొనుటకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండవలెనని చెప్పుచున్నది. మన అక్కచెల్లెండ్రకు ఈ సంగతి తెలియవలెను. మేస్త్రీలకు ఇంకను బాగుగా తెలియవలెను. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి గుంటూరు మిరప చేలకు కుటుంబములు కుటుంబములుగా వలస వచ్చుట మీరెరుగుదురు. పరాయి ఊరిలో గుడారము వేసికొని పండుకొను ఆడపిల్లకు ముఠా పెద్దయే తండ్రివలె ఉండవలసినవాడు. అడ్వాన్సు పుచ్చుకొన్నారు గదా అని ఆ కుటుంబము మెడకు త్రాడు వేసినట్లు మాటలాడుట, 1976లోనే చట్టము రద్దుచేసిన వెట్టిచాకిరికి తోబుట్టువు.

భోజనవేళ బోయజు రూతును పిలిచి కోయువారితో కూర్చుండబెట్టి, తన చేతితోనే పేలాలు అందించెను (2:14). తరువాత పనివారిని పిలిచి, ఆమెకొరకు పనలలోనుండి కొన్ని కావలెననియే జారవిడువుడి, ఆమెను గద్దింపవద్దు అనెను (2:15-16). ఊరక ఇచ్చినయెడల ఆమె భిక్షగత్తె యగును. జారవిడిచినయెడల అది ఆమె ఏరుకొన్న ధాన్యమే.

ఇట్టిదానిని నేను ఒక వరి మడిలో చూచితిని. నాట్లలో ఒక ముసలి తల్లి వరుస సాగుట లేదు. ఇరుప్రక్కల స్త్రీలు ఏమియు మాటలాడక, ఆమె వరుసలో రెండేసి కుదుళ్లు నాటుచు ఆమెను తమతో కలుపుకొని పోవుచుండిరి. మేస్త్రి చూచియు చూడనట్లు గట్టుమీద అటు తిరిగి నిలుచుండెను. ఆ ముఠాకు పని దొరకని దినము లేదని తరువాత వింటిని. నాకు ఆశ్చర్యము కలుగలేదు.

సంఘమును గూర్చి కూడ ఒక మాట. 1910లో స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అప్పటికి ఒక సంవత్సరము ముందే దోర్నకలుకు సువార్తికుడుగా వచ్చిన వి. యస్. అజరయ్య గారు అక్కడ మాటలాడిరి. వారికి అప్పుడు 35 ఏండ్లు. మిషనరీలకును దేశీయ సేవకులకును మధ్య జీతమిచ్చువాడు, పుచ్చుకొనువాడు అను సంబంధమే మిగిలియున్నదనియు, మాకు మీ దానధర్మములతో పాటు మీ స్నేహము కావలెననియు వారి మాటల సారాంశము. ఆ మాటలు కొందరికి నొచ్చెను. 1912లో ఆయనే దోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఈ సంగతిని మనము గర్వముతో చెప్పుకొందుము. ఇప్పుడు తెల్లవారు లేరు, జీతమిచ్చువారము మనమే. గుడి ఊడ్చువానికిని, గంట కొట్టువానికిని, హాస్టలులో వంట చేయు తల్లికిని మన కమిటీలు స్నేహము చూపుచున్నవా? వారి జీతమే మూడు నెలలు ఆగినచోట స్నేహమను మాట ఎత్తుటకు నాకు నోరు రాదు. కూలి సూర్యుడు అస్తమింపకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్పుచున్నది. బిగబట్టిన కూలి తానే మొరపెట్టునని యాకోబు వ్రాసెను (5:4).

ఆ సాయంకాలము రూతు ఏరినది దుళ్లగొట్టగా దాదాపు తూమెడు యవలాయెను. వాటిని మోసికొని ఇంటికి పోయి, తాను తినగా మిగిలిన పేలాలను అత్తకిచ్చెను (2:18). నయోమి వాటిని చూచెను. ఎవరి చేలో ఏరితివని అడుగుచునే, కోడలిని ఆదరించిన ఆ మనుష్యుని దీవించెను. అప్పటికి ఆమెకు అతని పేరు తెలియదు.