బట్టమేక పిట్టయు శనగ చేనును

మా గోరంట్ల సంఘములో పెరిగిన యొక సహోదరుడు కర్నూలు సీమకు ఇల్లరికము పోయి, నందికొట్కూరు ప్రాంతమున రోళ్లపాడు దగ్గర శనగ పండించుచున్నాడు. ఈ చలికాలమున ఆయనను చూడబోయితిని.

రోళ్లపాడులో 1988లో ఏర్పడిన అభయారణ్యమొకటి యున్నది. అరణ్యమనగా చెట్లుండునని తలంచవద్దు. మన అనంతపురం బీళ్లవంటి గడ్డినేల. సుమారు 6 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్ట కొరకు దానిని కాపాడిరి. ఆ పిట్ట మగది 15 కిలోల వరకు తూగును. ఆడది గూడు కట్టదు. వట్టి నేలమీద సాధారణముగా ఏటికొక్క గుడ్డు మాత్రమే పెట్టును. కుక్క తిన్నను, గొర్రె త్రొక్కినను ఆ యేటి సంతానము పోయినట్లే. ఎగురునప్పుడు ఎదుటి కరెంటు తీగలు దానికి సరిగా కానరావు; తగిలి చచ్చును. స్వేచ్ఛగా తిరుగునవి ఇప్పుడు 150కి లోపే మిగిలినవి. వాటిలో అధిక భాగము రాజస్థాన్ ఎడారిలో నున్నవి.

సాయంకాలము వరకు తిరిగితిమి. పిట్ట కనబడలేదు. ఇటీవల అక్కడ అది కనబడుటయే అరుదు. జింకలు మాత్రము మందలుగా నుండెను. పిట్టకై కాపాడిన గడ్డిలో జింకలు పెరిగి, ప్రక్క చేలమీద పడుచున్నవి.

నేను అలవాటు చొప్పున, పిచ్చుకనైనను దేవుడు మరువడని చెప్పబోయితిని. ఆయన అడ్డుకొని, “అయ్యగారూ, మనం పిచ్చుకలకన్నా ఎక్కువోళ్లమని కూడా అక్కడే ఉంది కదా. మరి నా పిల్లోళ్ల ఫీజు కట్టాల్సిన శనగ జింకలు తింటే ఎట్ల?” అనెను.

ప్రసంగము మధ్య ఇట్టి ప్రశ్న ఎవరును వేయరు. అది బోధకులకు సుఖమే. నేను నోరు మూసికొంటిని. నాకైన ఖర్చు బస్సు చార్జీ మాత్రమే. పిట్ట బ్రదుకవలెనని నేను కోరుదును. అందుకు చెల్లించువాడు ఆయన.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ జ్ఞాపకమునకు వచ్చెను. పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని మాత్రము విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవానికి ఏమియు ముట్టవద్దని దేవుడు చెప్పలేదు, అంతయు తీసికొమ్మనియు చెప్పలేదు. అయితే ఆ హద్దు గూడు కనుగొన్న ఒక్కనికే గాని, దూరముననుండి పిట్టను మెచ్చుకొను మనకు వర్తింపదా? విడిచిపెట్టుట ఎల్లప్పుడును పొరుగు రైతు వంతేనా? ఈ మాట ఆయనతో అనుటకు సిగ్గుపడితిని. “ఈ రాత్రి కావలికి నేనును వత్తును” అంటిని.

మంచె మీద చలి మెండు. ఆయన చిన్ననాటి సంగతులు చెప్పెను. నేను రెండుమార్లు కునికితిని. తెల్లవారుజామున అయిదు జింకలు గట్టు దాటి వచ్చెను. ఆయన ప్రక్కన రాళ్ల కుప్ప యున్నది. దానిని ముట్టక, రేకు డబ్బా నా చేతికిచ్చి, “గట్టిగా కొట్టండి, అయ్యగారూ” అనెను.