గట్టిపడిన రబ్బరు
(మార్కు 2:22)



బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడరు కారును మనలో అనేకులు ఎరుగుదురు. 2014లో దాని తయారీ నిలిచిపోయినను, పాత బండ్లను ప్రేమతో బాగుచేయువారు నేటికిని కలరు. తెలిసినవారు రంగు వేయుటకు ముందే రబ్బరును చూచుదురు. ఎండకును గాలికిని, షెడ్డులో ఊరక నిలిచియున్నను, రబ్బరు ఏండ్లు గడచినకొలది గట్టిపడి పగులును. తలుపు అంచునున్నది పగిలినయెడల వాననీరు లోపలికి వచ్చును. బ్రేకు సిలిండరులోని చిన్న రబ్బరు కప్పు చెడినయెడల బ్రేకు పట్టదు, ప్రాణమే పోవచ్చును. అయినను అది బయటికి కనబడదు.

పాతదానిపై క్రొత్తది అతికించిన నిలువదు. పాత రబ్బరును పీకివేసి, గాడిలోని త్రుప్పును జిగురును గోకి శుభ్రపరచిన పిమ్మటనే క్రొత్తది చక్కగా కూర్చుండును. బ్రేకు కప్పుకు బ్రేకు ఆయిలే తగును; ఇంజను ఆయిలు తగిలిన అది ఉబ్బి పాడగును.

పాత తిత్తులు పొంగెడి క్రొత్త ద్రాక్షారసమునకు ఓర్వలేవని ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలిసినదే. తోలైనను రబ్బరైనను సాగు గుణము పోయిన పనికిరాదు. మరి మన హృదయమో? ఆదివారపు తెల్లని బట్టలు పైరంగు వంటివి. గట్టు తగవుతో సహోదరుని పలుకరింపక ఏండ్ల తరబడి గట్టిపడిన మనస్సు లోపలనే యున్నది. దానిపై మరియొక తీర్మానము అతికించుకొనక, ఆ పగనే పీకివేయుమని దేవుని వేడుకొందము. ఈ వారమే ఆ సహోదరుని గడప త్రొక్కుదము. ఆమేన్.