కాక మడి గట్టు మీద

వానకాలం నాట్లప్పుడు జగిత్యాల దగ్గరున్న మా ఊరికి పోయాను. కాక మడిలో పన్నెండు మంది బీహార్ పిలగాళ్లు మునుం పట్టి, వెనక్కి నడుస్తూ నాటు వేస్తున్నారు. ఎకరానికి ఇంత అని గుత్త. తలెత్తి చూసేవాడు లేడు. నారుకట్టలు నీళ్లలో పడే చప్పుడు, బురదలోంచి కాళ్లు లాగే చప్పుడు, అంతే.

"పనంటే గట్ల చెయ్యాలె. రూపాయికి కిలో బియ్యమచ్చినంక మనోళ్లు నడుము వంచుడు మర్శిపోయిండ్లు" అన్నాడు కాక.

చాలామంది అంటుంటే విన్న మాటే. కాక నోట వింటే మాత్రం మనసు చివుక్కుమంది. ఆయన పద్నాలుగేళ్లు దుబాయిలో షట్టరింగ్ పని చేశాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లు పనిదొంగవని తాత తిట్టేవాడు. అక్కడ ఫోర్‌మన్ మెచ్చుకున్నాడు. మనిషి ఆయనే. కానీ వీసాకు తెచ్చిన బాకీ మీద నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో. కొలువు పోతే వీసా పోతుంది; బయట దొరికిన పని చేసుకుంటే ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని కూలీ, అంటారు. ఆయన పనితనం అందరికీ కనపడింది, కాదనే దారి లేకపోవడం కనపడలేదు.

రేషన్ బియ్యం వల్ల ఊళ్లో మారింది ఒకటుంది. కూలికి పోయే ఆడవాళ్లు "గంత తక్కువకు మేం రాం" అనగలుగుతున్నారు. రేపటికి ఇంట్లో గింజలున్నాయన్న ధైర్యం అది. దాన్ని బద్ధకమనడానికి నాకు మనసొప్పదు. మరి 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున సర్కారు రైతుబంధు సాయం మొదలైనప్పుడు, పట్టా ఉన్నవాడు మడిలో దిగినా దిగకున్నా పైసలొచ్చాయి. వాణ్ని సోమరి అన్నవాళ్లు లేరు.

ఈ బీహార్ పిలగాళ్లను చూస్తుంటే కరోనా నాటి హైదరాబాద్ లింగంపల్లి స్టేషన్ గుర్తొచ్చింది. 2020 మే 1న వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు అక్కణ్నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారానికే మన రైస్‌మిల్లుల హమాలీలను ఎక్కించుకుని బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు అదే స్టేషన్‌కు వచ్చింది. ఇక్కడ బతకలేనివాళ్లు ఎక్కారు, అక్కడ బతకలేనివాళ్లు దిగారు.

మధ్యాహ్నం ఒక పిలగాడు జ్వరంతో మడిలోంచి లేచి తుమ్మచెట్టు కింద కూలబడ్డాడు. వాడి ఈరోజు పైసల సంగతేమిటని కాక ముఠా మేస్త్రీని అడిగాడు, దుబాయి క్యాంపులో నేర్చిన హిందీలో. మేస్త్రీ చెయ్యి అడ్డంగా ఊపాడు.

కాక ఫ్లాస్కు పట్టుకుని చెట్టు కిందికి పోయాడు. చాయ్ పోసిచ్చి ఏదో మాట్లాడి వచ్చాడు.

"రేషన్ కార్డు ఇంటికాడ్నే ఉన్నదట" అన్నాడు. కాసేపాగి, "నాకు గక్కడ మూడొద్దులు జ్వరమస్తే మూడొద్దుల జీతం కోసిండ్లురా" అన్నాడు.