వదులైన తీగె

మన తిరుపతి ప్రాంతమువారికి ఓడ యనిన దూరపు మాట. మన స్వర్ణముఖి బహు దినములు ఇసుకగానే యుండును. అయినను 2021 నవంబరులో ఆ యేరు పొంగినప్పుడు నీటి బలమెట్టిదో మనము కన్నులార చూచితిమి.

2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడయొద్ద కృష్ణ పొంగి, ప్రకాశం బ్యారేజీ గుండ 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పారెను. ఆ వరదలో కొన్ని పెద్ద పడవలు కొట్టుకొనివచ్చి, గేట్లను ఎత్తుటకు తోడ్పడు బరువు దిమ్మెలను గ్రుద్ది పాడుచేసెను. అయితే బ్యారేజీ నిలిచెను.

అదే సంవత్సరము మార్చి 26న అమెరికాలోని బాల్టిమోరులో వంతెన నిలువలేదు. అర్ధరాత్రి దాటిన తరువాత, సుమారు 300 మీటర్ల పొడవుగల ‘డాలీ’ యను సరకు ఓడ విద్యుత్తు ఆగి, అదుపు తప్పి వంతెన స్తంభమును తాకెను. ఆ ఓడ నావికులలో అధికులు మన భారతీయులే. ఓడనుండి అపాయవార్త రాగానే పోలీసులు వాహనములను ఆపి అనేకులను కాపాడిరి. గాని వంతెనపై గుంటలు పూడ్చు పనికి వచ్చిన కూలీలకు ఆ మాట అందలేదు. వారిలో ఆరుగురు మరణించిరి. వారు మెక్సికో, గ్వాటెమాల మొదలగు దేశములనుండి కూటికై వచ్చినవారు.

2025 నవంబరులో విచారణాధికారులు కారణము తెలిపిరి. ఓడలోని ఒక తీగెకు చుట్టిన గుర్తుచీటి సరిగా అమరనందున, తీగె తన చోట పూర్తిగా దిగక వదులుగా నుండెనట!

ఇట్టి వార్త విని కొందరు “వారి పాపఫలము” అందురు. సిలోయము గోపురము పడి 18 మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంపవద్దని ప్రభువు బోధించెను. కాబట్టి ఆ మాట మన నోట రాకూడదు. మరి కొందరు “చీటి చుట్టినవానికి చెడ్డ తలంపు లేదు గదా” అందురు. చెడ్డ తలంపు లేకపోవుట చాలునా?

చాలదని నా మనస్సాక్షి చెప్పుచున్నది. ఎదుటనున్నవానిపై జాలిపడుట సులభము. కంటికి కనబడనివాని ప్రాణము నా చేతిలోనున్నదని తలంచుటయే ప్రేమలో కష్టమైన భాగము. బావి మోటారుకు తీగె అతుకువాడు, బడికి పైకప్పు వేయు మేస్త్రి, తానెరుగని బిడ్డ ప్రాణమును పట్టుకొనియున్నారు. అయినను ఆ ఒక్కనిమీదనే రాయి వేయుట న్యాయము కాదు. అట్టి ఓడ తగిలిన వంతెన యేమగునని ముందుగా లెక్కింపవలసినవారును లెక్కింపలేదు.

ఒక సంగతి నన్ను విడువకున్నది. వాహనములలో వచ్చువారికి హెచ్చరిక అందెను. పార పట్టి బ్రతుకువారికి అందలేదు. మన యేరు పొంగునని తెలిసిన రాత్రి, గట్టునున్న గుడిసెకు, చేను కావలివానికి ఆ మాట ఎవరు చేర్చుదురు? వానలు రాకమునుపే మన సంఘములో వారి పేర్లు చెప్పుకొని, ఒక్కొక్క యింటికి ఒక్కొక్కని నియమించుకొందము.