గోడ మీది లెక్క, జేబులోని లెక్క

ఒక ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంటి వంటగది గుమ్మం పక్కన మేకుకి ఓ కాలెండరు వేలాడుతుండేది. దానికి దారంతో పెన్సిలు ముక్క కట్టి ఉండేది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అచ్చేసిన ఆ చిన్న గళ్లలోనే ఇంటి పెద్దావిడ తన సంసారమంతా రాసుకునేది. పాలు రాని రోజుకి అడ్డగీత. సిలిండరు మార్చిన రోజుకి సున్నా. బియ్యం బస్తా విప్పిన తేదీ, ఇస్త్రీకి వేసిన బట్టలు, పనిమనిషి నాగాలు, ఆమెకి ముందుగా ఇచ్చిన అయిదొందలు, అన్నీ అక్కడే. నెలాఖరున పాలబ్బాయి గుమ్మంలో నిలబడితే ఇద్దరూ కలిసి గళ్లు లెక్కపెట్టేవాళ్లు. ఏనాడూ పేచీ రాలేదు.

కొడుకు బుద్ధిమంతుడు. తల్లి కళ్లజోడు సవరించుకుంటూ, మెడ రిక్కించి గోడకేసి చూస్తుంటే అతనికి మనసు చివుక్కుమనేది. శ్రావణమాసంలో ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ కాలెండరు తీసి అటకెక్కించాడు.

“ఇక నువ్వేం రాయక్కర్లేదమ్మా. నాకు చెప్పు చాలు. అన్నీ ఫోనే గుర్తుచేస్తుంది” అన్నాడు.

అలాగే గుర్తుచేసింది కూడా. గ్యాస్ అయిపోకముందే సిలిండరు వచ్చేది. కరెంటు బిల్లు గడువు దాటలేదు. పాలబ్బాయికి ఒకటో తారీఖునే డబ్బులు పడిపోయేవి. మాత్రల వేళకి ఆఫీసులో కొడుకు ఫోను మోగేది, వెంటనే అతను ఇంటికి ఫోన్ చేసి “అమ్మా, వేసుకున్నావా?” అని అడిగేవాడు. తల్లికి ముచ్చటేసింది. ఇరుగుపొరుగుకి కూడా చెప్పుకుంది.

కార్తీకంలో కొడుకు ఆఫీసు పని మీద విమానం ఎక్కాడు. ఆ మధ్యాహ్నమే తల్లి తులసికోట దగ్గర కళ్లు తిరిగి కూలబడిపోయింది. కోడలు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు? డోసు ఈమధ్య ఏమైనా మార్చారా?” అన్నాడు డాక్టరు.

కోడలికి మాత్ర రంగు తెలుసు, పేరు తెలీదు. మందుల చీటీలన్నీ ఫొటోలుగా భర్త ఫోన్లో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోను స్విచాఫ్‌లో ఉంది.

బడి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చిన మనవరాలికి చటుక్కున గుర్తొచ్చింది. “అమ్మా, నా లెక్కల నోట్సుకి నాన్నమ్మ కాలెండరు కాగితమే అట్ట వేసింది!” సంచిలోంచి పుస్తకం తీసి, తిరగేసి వేసిన అట్ట విప్పారు. జూన్ నెల. ఓ గడిలో మాత్ర పేరు పొడి అక్షరాల్లో కనిపించింది. పక్కనే ఎర్రచుక్క, కింద రెండు నిలువు గీతలు.

“ఈ చుక్కేంటమ్మా? ఈ గీతలేంటి?”

“తెలీదండీ. అత్తయ్య గుర్తులు అత్తయ్యకే తెలుసు.”

సెలైను సగం ఎక్కాక పెద్దావిడ కళ్లు విప్పింది. కాగితం చూపిస్తే, “చుక్కంటే డోసు పెంచారని. గీతలంటే పొద్దునొకటి, రాత్రొకటి” అంది నీరసంగా.

“ఇన్నేళ్లలో నాకొక్కసారి చెప్పలేదేంటి అత్తయ్యా?” కోడలికి ఏడుపొచ్చింది.

“నేనున్నానుగా, నీకెందుకీ బాదరబందీ అనుకున్నానమ్మా.”

మర్నాడు కొడుకు ఆదరాబాదరా వచ్చి, కాలెండరు తీసేసినందుకు తనని తానే తిట్టుకున్నాడు. తల్లి ఊరుకోలేదు.

“నీ లెక్కకి నీ వేలిముద్ర తాళం. నా లెక్కకి నా బుర్ర తాళం. నువ్వు చేసిందే నేనూ చేశాను నాన్నా.”

అటక మీది కాలెండరు కిందికి దిగింది. దాని అడుగున ఖాళీలో ఏ గుర్తుకి ఏమిటర్థమో అత్తగారు చెబుతుంటే కోడలు రాసింది. కొడుకు ఫోనులోనే ఉండిపోయిన చీటీలు కోడలి ఫోనులోకి చేరాయి, ఓ నకలు గోడకీ చేరింది.

నీతి: ఇంటి లెక్క ఒక్కరికే తెలిస్తే, అది ఎక్కడ రాసినా రాయనట్టే.

ఈ కథ విన్నవాళ్లు చాలామంది పాతకాలపు కాలెండరే నయమంటారు. నేను ఒప్పుకోను. కాలెండరు మాత్రం ఏం ఆదుకుంది? సగమే చెప్పి ఊరుకుంది. కాగితం మీద రాసుకోవడమా, ఫోన్లో పెట్టుకోవడమా అన్నది ఎవరి అలవాటు వాళ్లది. పెద్దవాళ్ల అలవాటు మార్పించాలని పిల్లలూ, పిల్లల చేత ఫోను మాన్పించాలని పెద్దలూ పడే ప్రయాసలో సగం పెట్టినా, ఒకరి లెక్క ఇంకొకరికి తెలిసేలా చేసుకోవచ్చు. మన ఇళ్లలో వంటింటి సంగతులు ఒకరి బుర్రలో, బ్యాంకు సంగతులు ఒకరి ఫోనులో ఉండిపోతాయి. అందులో ప్రేమే ఉంది, కాదనను. “నీకెందుకు శ్రమ” అని అన్నీ తామే మోస్తారు. ఆ మోసేవాళ్లు ఒక్కపూట మంచానపడితే మిగతావాళ్లు సొంతింట్లోనే చుట్టాలైపోతారు.

ఆ కోడలి అవస్థకి ఫోనులోనే ఒక ఉపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అత్యవసర సమాచారం, ఐఫోన్లలో మెడికల్ ఐడీ అనే చోట మన రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, ఎవరికి ఫోన్ చేయాలో రాసిపెట్టుకుంటే, ఫోను తాళం తీయకుండానే ఎదుటివాళ్లు చూడొచ్చు. పెద్దావిడ దగ్గర ఓ ఫోనుండి, అందులో ఆమె వివరాలు ఎక్కించి ఉంటే పనైపోయేది. కొడుకు ఫోను ఎన్నిసార్లు మోగినా ఏం లాభం? మందు వేసుకునే మనిషి దగ్గర కదా ఆ వివరం ఉండాల్సింది!

డబ్బు సంగతీ అంతే. ఇంట్లోవాళ్లే కదా అని యూపీఐ పిన్ను నోటిమాటగా చెప్పేసుకుంటారు, అది మంచిది కాదు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో ఖాతా ఉన్నవాళ్లు తమవాళ్లను అయిదుగురి దాకా చేర్చుకోవచ్చు. ప్రతి చెల్లింపుకీ తామే సరేననేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకి 15,000 రూపాయల లోపు వాళ్లంతట వాళ్లే చెల్లించేలా అనుమతివ్వచ్చు. పిన్ను మాత్రం ఖాతాదారు దగ్గరే ఉంటుంది. పాల డబ్బులివ్వడానికి అత్తగారో కోడలో కొడుకు ఫోను కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు.

కొన్ని మాత్రం గోడ మీదే ఉండాలని నేను పట్టుబడతాను. అంబులెన్సుకి 108, ఏ ఆపదకైనా 112, గ్యాస్ లీకైతే 1906. వీటిని పెద్ద అంకెల్లో, పనిమనిషికీ పసిపిల్లకీ కనబడే ఎత్తులో రాసి పెట్టాలి. ఆఖరిదాన్ని ఇంట్లో అందరిచేతా కంఠతా పట్టించాలి. గ్యాస్ వాసన గుప్పుమంటే రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తీసి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికొచ్చాకే ఫోను చేయాలి, అప్పుడు గోడ మీది అంకె చూడ్డానికి ఎవరూ వెనక్కి వెళ్లకూడదు.